ఫ్యాను రెక్క మీద పేరు వద్దనే దాతలు

ప్రశ్న: సిస్టరమ్మా, మాది అనంతపురం పాతూరు. హార్డ్‌వేర్ కొట్టు. పోయిన ఏడాది మా తమ్ముడిని మన సీమలోనే ఒక ప్రభుత్వాసుపత్రి మానసిక వార్డులో 22 రోజులు పెట్టాం. డాక్టర్లు, సిస్టర్లు బాగా చూశారు. వాడు ఇప్పుడు కొట్లో నా పక్కనే కూర్చుని లెక్కలు రాస్తున్నాడు. కానీ వార్డు చూస్తే మాత్రం బాధేసింది. పరుపులు చిరిగి దూది బయటికి వచ్చింది, బాత్రూములకు గడియల్లేవు, పగలంతా గోడ చూస్తూ కూర్చోవడమే. నేనూ నా ఫ్రెండ్సు ఆరుగురూ కలిసి 10 లక్షలు పోగుచేసి, ఆడవాళ్లదీ మగవాళ్లదీ రెండు హాళ్లూ బాగుచేయిద్దాం అనుకున్నాం. మా సొంతంగా 3 లక్షలు వేసుకున్నాం. రంగులు, 12 సీలింగ్ ఫ్యాన్లు, టీవీ, పేషెంట్లందరికీ ఒకే రంగు బట్టలు, ఎమ్మెల్యే గారితో ప్రారంభోత్సవం అని ప్లాన్ వేశాం. పేషెంట్ల కష్టం చూపిస్తూ వీడియో తీసి, నా ఫోన్‌పే నంబరు పెట్టి వాట్సాప్‌లో తిప్పుదామని మావాళ్లు అంటున్నారు. ఇబ్బందేమంటే, వినాయక చవితికి అడక్కుండానే 5 వేలు రాసేవాళ్లు ఈ మాట ఎత్తగానే మొహం తిప్పుకుంటున్నారు. ‘పిచ్చోళ్ల వార్డుకా?’ అని ఒకాయన నవ్వాడు కూడా. ఎట్లా అడగాలి? లెక్క ఎట్లా పెట్టాలి? ఆసుపత్రి పేరు మాత్రం వేయొద్దు.

జవాబు: అన్నా, ఆసుపత్రి పేరు తీసేశాను. మీ ఊరు ఉంచాను. పాతూరులో హార్డ్‌వేర్ కొట్లకు కొదవ లేదు కాబట్టి మిమ్మల్ని ఎవరూ పట్టుకోలేరు.

ముందు ఫ్యాన్ల సంగతి తేల్చేద్దాం. ఆ 12 సీలింగ్ ఫ్యాన్లకు ఆర్డరు ఇచ్చేసి ఉంటే ఈ రోజే ఆపండి. మానసిక వార్డులో చేరేవాళ్లలో కొందరు బతకాలని లేక వచ్చినవాళ్లు. అందుకే అక్కడ పై నుంచి వేలాడేది, బట్ట కట్టడానికి ఆసరా దొరికేది ఏదీ ఉండకూడదు. ఫ్యాను అంటే చేతికి అందనంత ఎత్తులో గోడకు బిగించి, చుట్టూ జాలీ ఉన్నదే పెట్టాలి. కిటికీ పరదాకు ఇనుప రాడ్డు వద్దు, బరువు పడితే ఊడి కిందపడే రకం కావాలి. గోడలకు బట్టల కొక్కేలు వద్దు. ఈ మాటలు మీకు కొత్తగా ఉండొచ్చు. నేను ముప్పయ్యేళ్లు నర్సుగా చేశాను, అందులో ఆరేళ్లు ఈ వార్డుల్లోనే. రౌండ్స్‌లో పేషెంటు మొహం కంటే ముందు పైకప్పు చూసే అలవాటు ఇప్పటికీ పోలేదు. మా కోడలి సీమంతానికి వెళ్లిన ఫంక్షన్ హాల్లో కూడా ముందు పైకే చూశాను.

అంత మంచి మనసుతో తెచ్చిన వస్తువే ప్రమాదం అయ్యే చోటు అది. కాబట్టి చందా పుస్తకం అచ్చు వేయించే ముందు ఓ వారం రోజులు ఆ వార్డుకు వెళ్లి రండి. సూపరింటెండెంట్ గారి దగ్గర ఒక అర్జీ పెట్టి, సైకియాట్రీ విభాగం పెద్దకు (హెచ్‌ఓడీకి) చెప్పి వెళ్లండి. పగలు ఒకసారి, రాత్రి డ్యూటీ సిస్టరు ఉన్నప్పుడు ఒకసారి. ‘ఏం కావాలి?’ అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. పెద్దసారును అడిగితే పెద్ద మెషీను పేరు చెబుతారు. ‘నిన్న రాత్రి ఏది లేక ఇబ్బంది పడ్డారు?’ అని సిస్టరును, శానిటేషన్ ఆయాను, మంచం కింద చాప వేసుకుని పడుకున్న తల్లిని అడగండి. అప్పుడు అసలు జాబితా బయటికొస్తుంది.

నాకు తెలిసిన జాబితా చెప్తాను, మీరు అక్కడ సరిచూసుకోండి. దూది పరుపులు కొనొద్దు. తడిస్తే ఆరవు, నల్లులు పడతాయి. కుట్లు పైకి కనిపించని రెక్సిన్ పరుపులైతే తుడుచుకుంటే చాలు. అయితే ఒక తిరకాసు ఉంది. పాత పరుపులను, మంచాలను ఆసుపత్రి వాళ్లు కండెమ్ చేస్తే, అంటే పనికిరావని కాగితం మీద రాస్తే తప్ప బయట పడేయడానికి లేదు. కండెమ్ కాగితం కదలకుండా మీరు కొత్తవి తెచ్చి దింపితే, పాతవి వరండాలో గుట్టపడి, అటెండెంట్లు పడుకునే చోటు కూడా పోతుంది. అలా పోయిన వార్డును నేను చూశాను. కొత్త మంచాల ఫొటో పేపర్లో వచ్చింది, పాతవి ఎనిమిది నెలలు వరండాలోనే తుప్పు పట్టాయి.

ఒక గోడ గడియారం, పెద్ద అక్షరాల తెలుగు క్యాలెండరు. నవ్వకండి. ‘సిస్టర్, ఈ రోజు ఏ వారం?’ అని నన్ను రోజుకు ఇరవై సార్లు అడిగేవాళ్లు. మందుల మత్తులో, జబ్బు గజిబిజిలో రోజూ పూటా తెలియకుండా పోతుంది. తేదీ తెలిస్తే మనిషికి కాలు మోపడానికి కాస్త నేల దొరికినట్టు ఉంటుంది. క్యారమ్స్ బోర్డు, రోజూ రెండు పేపర్లు, పిన్నులు పీకేసిన వారపత్రికలు. టీవీ అంటారా, వార్డు మధ్యలో పెడితే రిమోటు కోసం గొడవ, పొద్దస్తమానం శబ్దం. చెవుల్లో గొంతులు వినిపించే మనిషికి పైన ఇంకో గొంతు ఎందుకు? భోజనాల గదిలాంటిది వేరే ఉంటే అక్కడ పెట్టి, టైము ప్రకారం వేయించండి.

ఇంకొకటి, మగవాళ్ల చందా కమిటీలకు ఎప్పుడూ తట్టనిది. ఆడవాళ్ల హాలుకు శానిటరీ ప్యాడ్లు, లోపలి బట్టలు, కొబ్బరినూనె, దువ్వెనలు, పేల మందు. కంగారులో ఆసుపత్రికి తెచ్చినవాళ్లు ఇవేవీ తేరు. పేలు పడ్డాయని గుండు కొట్టించే రోజులు ఉండేవి. 2017లో వచ్చి 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం బలవంతంగా గుండు చేయకూడదని స్పష్టంగా చెప్పింది. మరి పేలు పోవాలి కదా? అందుకే పేల మందు చాలా విలువైన దానం. బస్తా బియ్యం ఇచ్చే దాత దొరుకుతాడు గానీ, ఇది ఇచ్చేవాడు దొరకడు.

మీ ఒకే రంగు బట్టల ఆలోచన కూడా ఆ చట్టం దగ్గరే ఆగిపోతుంది. తన బట్టలు తాను కట్టుకుంటానంటే పేషెంటును యూనిఫాం వేసుకోమని ఒత్తిడి చేయకూడదు. రకరకాల రంగుల నైటీలు, లుంగీలు, చొక్కాలు ఇవ్వండి. ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకుంటారు. శుభ్రమైన పరిసరాలు, మరుగుదొడ్డి, గోప్యత, కాలక్షేపం, ఆడవాళ్ల నెలసరి అవసరాలు, ఇవన్నీ ఆ చట్టం కింద పేషెంటు హక్కులు. కలెక్టరు గారి దగ్గరికి వెళ్లినప్పుడు ఈ మాట వాడుకోండి. మీరు అడిగేది దయ కాదని అక్కడ తెలుస్తుంది. ‘గొడవ చేసేవాళ్లకు ఇనుప ఊచల గది ఒకటి కట్టించండి’ అని మీ కమిటీలో ఎవరైనా అనొచ్చు. ఒంటరిగా బంధించడం, గొలుసు వేయడం ఆ చట్టంలో నిషేధం. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పాక మంటల్లో కాలిపోయిన సంగతి ఆ పెద్దమనిషికి చెప్పండి. ఇక ‘కాలక్షేపానికి చెనక్కాయలు ఒలిపిద్దాం, మిల్లువాళ్లు బస్తాలు పంపుతారు’ అనే తెలివైనవాడు అనంతపురంలో ఉండకుండా ఉంటాడా? బలవంతపు పని కూడా కుదరదు. ఇష్టపడి చేస్తే కూలి ఇవ్వాలి.

ఇప్పుడు మీ అసలు బాధకు వస్తాను, డబ్బు అడగడం.

మన గుళ్లలో చూడండి. ఫ్యాను రెక్క మీద పేరు, గంట మీద పేరు, మెట్టు మీద పేరు. బస్సు షెల్టరు బెంచీ మీద కూడా ‘కీర్తిశేషులు ఫలానా వారి జ్ఞాపకార్థం’ అని ఉంటుంది. నేను దాన్ని వెక్కిరించను, ఆ పేర్ల వల్లే మనకు నీడలో బెంచీలు ఉన్నాయి. కానీ ఈ వార్డు గోడ మీద పేరు ఎవరికీ వద్దు. ‘వాళ్లింట్లో ఎవరికో ఉంది కాబోలు, అందుకే ఇచ్చారు’ అంటారని భయం. పెళ్లి కావాల్సిన పిల్ల ఇంట్లో ఉంటే మరీ భయం. మొహం తిప్పుకున్నవాళ్లను పిసినారులు అనుకోకండి. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, వంద మంది పెద్దవాళ్లలో పది మందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్టు తేలింది. మన రాష్ట్రం ఆ 12లో లేదు. అయినా మన బజారు అందుకు మినహాయింపు అని నేను అనుకోను. మీ కొట్టు ఉన్న వీధిలో ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడవండి. ఎన్ని ఇళ్లలో ఈ మాట దాచిపెట్టి ఉంటుందో లెక్క వేసుకోండి. మీకు డబ్బు ఇచ్చేది వాళ్లే. కాకపోతే పదిమందిలో ఇవ్వరు.

నేను డ్యూటీలో ఉండగా ఒక రాత్రి తొమ్మిదింటికి ఒకాయన ఆటోలో 30 దుప్పట్లు తెచ్చి డ్యూటీ రూము ముందు దింపాడు. పేరు చెప్పమంటే చెప్పడు. స్టాక్ రిజిస్టర్లో దాత పేరుకు ఒక గడి ఉంటుంది కదా, ఖాళీగా వదిలితే ఆడిట్‌లో నన్ను అడుగుతారు. చివరికి ‘ఒక భక్తుడు’ అని రాశాను. ఆయన చూసి నవ్వి, కాసేపు నిలబడి, ‘మా అమ్మ ఇక్కడే ఉండింది సిస్టర్, 1994లో’ అని చెప్పి వెళ్లిపోయాడు.

అందుకే కొట్లో నలుగురి ముందు అడగడం మానేయండి. ఒక్కరే వెళ్లండి, సాయంత్రం కొట్టు కట్టేసే వేళకు వెళ్లండి. ‘పేరు బయటికి రాదు, రసీదు మాత్రం ఇస్తాను’ అని మొదటే చెప్పండి. గుప్తదానం మన దగ్గర పాత మాటే, హుండీలో వేసేటప్పుడు ఎవరూ పేరు అడగరు. అయితే గుప్తం అన్నది గోడ వరకే. లెక్కల పుస్తకంలో ప్రతి పేరూ, ప్రతి మొత్తమూ ఉండాలి. అడిగే మొత్తం చిన్నదిగా, వస్తువు కళ్లకు కనిపించేలా ఉండాలి. ‘వార్డు అభివృద్ధికి’ అంటే ఎవరికీ ఏమీ కనిపించదు. ‘ఒక పరుపు ఇంత, ఒక గోడ ఫ్యాను ఇంత, ఆడవాళ్ల హాలుకు నెల సామాను ఇంత’ అని ధరలు రాసిన ఒక కాగితం పట్టుకెళ్లండి. చిన్న మొత్తాలను తక్కువ చేయొద్దు. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన సేవాసంస్థ ఆర్‌డీటీకి (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకు) అంతా బయటి దేశాల డబ్బే అనుకుంటారు గానీ, మన ఊళ్లలో కూలికి పోయేవాళ్లు కూడా హుండీల్లో చిల్లర వేసి ఇచ్చారు. ఇవ్వడం మన జిల్లాకు చేతకాని పని కాదు.

అడిగేటప్పుడు మీ దగ్గర ఉన్న బలమైన మాట ‘మా తమ్ముడు అక్కడ 22 రోజులు ఉన్నాడు, ఇప్పుడు నా కొట్లో లెక్కలు రాస్తున్నాడు’ అన్నది. వందమందిని కదిలించే మాట అది. కానీ అది మీ మాట కాదు, మీ తమ్ముడిది. ముందు ఆయన్ను అడగండి. వద్దంటే వద్దంతే, మళ్లీ ఎత్తొద్దు. సరే అంటే, ఎవరికి చెప్పొచ్చో ఎవరికి వద్దో కూడా ఆయన్నే తేల్చమనండి. కుదిరితే కమిటీలో ఎనిమిదో మనిషిగా చేర్చుకోండి. ఆ హాలులో రాత్రి లైటు కళ్లలో పడి నిద్ర పట్టకపోవడం మీకు తెలియదు, ఆయనకు తెలుసు.

ఇక ఆ వీడియో. తీయొద్దు. చికిత్సలో ఉన్న మనిషి ఫొటో గానీ వివరాలు గానీ ఆయన సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని అదే చట్టం చెబుతోంది. మొహం మసక చేస్తాం అంటారు. చీర చూసి, చేతి మీద పచ్చబొట్టు చూసి ఊళ్లో వాళ్లు పట్టేస్తారు. జబ్బు ఎక్కువై ఉన్న రోజు ఆ మనిషి ‘సరే’ అన్నా, నయమై ఇంటికి పోయాక ఆ వీడియో వాళ్ల ఊరి గ్రూపులోనే తిరుగుతుంటుంది. చిరిగిన పరుపు ఫొటో, గడియ లేని తలుపు ఫొటో చాలు. అది కూడా సూపరింటెండెంట్ అనుమతితో, మనుషులెవరూ లేకుండా తీయండి. అనుమతి ఇవ్వకపోతే పోట్లాడొద్దు. ధరల కాగితమే మీ పోస్టరు.

లెక్కల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. మీ సొంత ఫోన్‌పే నంబరుకు ఒక్క రూపాయి కూడా వద్దు. రేపు మీ వ్యాపారం డబ్బూ వార్డు డబ్బూ ఏది ఏదో మీరే చెప్పలేరు, అవతలివాళ్లు ఊరికే ఉండరు. సొసైటీ రిజిస్టర్ చేయాలంటే ఏడుగురు కావాలి, మీరు సరిగ్గా ఏడుగురే ఉన్నారు. కానీ ఒక్క పనికి సొసైటీ పెట్టి ఏటా లెక్కలు దాఖలు చేసే ఓపిక ఉందా అని ముందు ఆలోచించుకోండి. నా సలహా అడిగితే, పెద్దాసుపత్రులకు కలెక్టరు అధ్యక్షతన ఆసుపత్రి అభివృద్ధి సంఘం ఉంటుంది, హెచ్‌డీఎస్ అంటారు. ‘ఈ డబ్బు మానసిక వార్డుకే, ఈ వస్తువులకే’ అని ఉత్తరంలో రాసి, తీర్మానం అయ్యాక అక్కడ జమ చేయండి. లేదా వస్తువులు మీరే కొని, బిల్లులతో అప్పగించి, స్టాక్ రిజిస్టర్లో ఎక్కించి, ఆ పేజీ జిరాక్సు తెచ్చుకోండి. రెండోది తొందరగా అవుతుంది. గోడలు, కరెంటు, నీళ్ల పైపుల జోలికి మాత్రం సొంతంగా పోవద్దు. ప్రభుత్వాసుపత్రుల్లో ఆ పనులు చూసేది రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక వసతుల సంస్థ (ఏపీఎంఎస్‌ఐడీసీ) ఇంజినీర్లు, వాళ్ల మాట కావాలి.

పన్ను మినహాయింపు ఆశ పెట్టి అడగకండి. 80జీ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకు ఇస్తేనే అది వస్తుంది. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే రాదు, వస్తువులుగా ఇస్తే రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే రాదు. మీ ఫ్రెండ్సు పిల్లలు అమెరికాలో ఉంటే ఒక జాగ్రత్త. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఓసీఐ కార్డు ఉన్నా సరే, వాళ్లది విదేశీ డబ్బు కిందే లెక్క, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ లేకుండా ముట్టుకోకూడదు.

తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ ఉన్నాయి కదా, సీఎస్ఆర్, అంటే కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టే డబ్బు, అడుగుదామా అంటారు. అడగొచ్చు. కాకపోతే మూడేళ్ల అనుభవం లేని కొత్త సంస్థ చేతికి కంపెనీలు ఆ డబ్బు ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. గనుల రాయల్టీ మీద పోగయ్యే జిల్లా ఖనిజ నిధిలో వైద్యం ప్రాధాన్యం ఉన్న అంశమే. ఈ రెండూ కలెక్టరు ద్వారా వెళ్లాల్సిన దారులు. మీ 3 లక్షలతో మొదటి పని పూర్తిచేసి, బిల్లులు, స్టాక్ పేజీలు ఫైల్లో పెట్టుకుని అప్పుడు వెళ్లండి. అక్కడ చెప్పడానికి ఇంకో మాట ఇస్తాను. మన పక్కనున్న బళ్ళారిలోనే 1980లలో నిమ్హాన్స్ వాళ్లు జిల్లా స్థాయిలో మానసిక వైద్యం ఎలా అందించాలో చేసి చూపించారు. 1996లో దేశమంతటికీ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది ఆ నమూనా మీదే. పక్క జిల్లా నుంచి దేశమంతా నేర్చుకున్నది మనకు ఎందుకు అందకూడదు అని అడగండి.

10 లక్షలూ వార్డు లోపలే ఖర్చుపెట్టాలని మాత్రం పట్టుపట్టకండి. నా చేతిలో డబ్బు ఉంటే సగం బస్సు చార్జీలకు పెడతాను. మడకశిర నుంచో, రాయదుర్గం అవతల పల్లె నుంచో వచ్చిన మనిషి నయమై డిశ్చార్జి అవుతాడు. నెలకోసారి ఓపీకి రావాలి. తోడుకు ఇంకొకరు రావాలి. ఇద్దరి చార్జీ, ఇద్దరి కూలి పోతుంది. మధ్యాహ్నం 5 రూపాయలకు అన్న క్యాంటీన్లో తిన్నా ఆ లోటు తీరదు. రెండు నెలలు వస్తారు, మూడో నెల ‘బాగానే ఉన్నాడు కదా’ అని ఆపేస్తారు. మందు ఆగితే జబ్బు తిరగబెడుతుంది, మళ్లీ అదే మంచం. నేను డిశ్చార్జి కాగితం ఇచ్చి పంపిన మొహాలే ఆరు నెలలకు మళ్లీ గేటు దగ్గర కనిపించేవి. వార్డులో సైకియాట్రిక్ సోషల్ వర్కరు ఉంటే వాళ్లతో కూర్చుని, ఎవరికి ఎంత చార్జీ అన్నది ఒక చిన్న పుస్తకంలో రాసి, ఓపీ చీటీ చూసి ఇచ్చేలా ఏర్పాటు చేయండి. ఫోను ఉన్నవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసివ్వండి. ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. చార్జీల పుస్తకానికి ప్రారంభోత్సవం చేయలేం, అదొక్కటే లోటు.

ప్రారంభోత్సవం అంటే గుర్తొచ్చింది. ఎమ్మెల్యే గారిని పిలవండి, తప్పు లేదు, రేపు పెద్ద పనికి ఆయన ఉత్తరం కావాలి. కానీ సభ సూపరింటెండెంట్ ఆఫీసులో పెట్టండి. మందీమార్బలం, కెమెరాలు వార్డులోకి వస్తే ఆ రోజు లోపల ఉన్నవాళ్ల టెన్షన్ ఎవరు తగ్గిస్తారు?

‘పిచ్చోళ్ల వార్డుకా?’ అని నవ్విన ఆయన్ను వదిలేయకండి. ఓ నెల ఆగి మళ్లీ వెళ్లండి, ఈసారి ఒంటరిగా.

మొదటి పని మాత్రం చందాతో పనిలేనిది. బాత్రూము గడియలు. లోపలి నుంచి వేసుకునే వీలుండాలి, అవసరమైతే సిస్టరు బయటి నుంచి తీయగలగాలి. పైకి పొడుచుకొచ్చినవి, చేయి పట్టేంత హ్యాండిలు ఉన్నవి వద్దు. ఇలాంటివి దొరుకుతాయి, మీ కొట్లో లేకపోతే తెప్పించండి. ఒక నమూనా వార్డు సిస్టరుకు చూపించి, సరే అంటే ఎన్ని తలుపులో లెక్కపెట్టుకుని రండి. మీ కొట్టు బిల్లే అయినా, దాన్నీ ఫైల్లో పెట్టండి.